వెనక కుట్టులో వదిలిన గుడ్డ

మా అబ్బాజాన్ కొట్టు ఖాళీ చేసిన రోజున, కత్తిరింపు బల్ల కింద ఉండే చెక్కపెట్టె అడుగున ఒక మిలిటరీ ప్యాంటు దొరికింది. పాత పేపర్లో చుట్టి, కలరా ఉండలు వేసి, పురికొసతో కట్టి ఉంది. విప్పి చేతిలోకి తీసుకోగానే నా వేళ్ళు వాటంతటవే నడుము పట్టీ వెనక్కి పోయాయి. దర్జీ కూతుర్ని కదా, ఎవరి ప్యాంటు దొరికినా ముందు లోపలే చూస్తాను. వెనక కుట్టు పక్కన, లోపలికి మడిచి ఉంచిన గుడ్డ మీద నాలుగు వరసల సూది గుర్తులు, చీమలు బారు కట్టినట్టు. ఆ కుట్లు వేసింది అబ్బాజాన్. నాలుగు సార్లూ కూర్చుని విప్పింది నేను. నాకిప్పుడు నలభై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లిని, బళ్ళో అరవై మందిని కళ్ళతో కూర్చోబెట్టే టీచర్ని. అయినా ఆ ప్యాంటు పట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని వాకిలి వైపు తిరిగి చూశాను. పాతికేళ్ళ కిందటి భయం, ఎక్కడికీ పోలేదన్నమాట.

బాపట్లలో మా కొట్టు ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక గళ్ళ లుంగీ తెర. తెరకు ఇటువైపు బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, మిషను నూనె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన. అటువైపు అమ్మీ వేయించే ఉల్లిపాయల వాసన. అబ్బాజాన్ పొద్దున్నే నమాజు చేసుకుని వచ్చి, మిషను మీద గుడ్డ తీసి, మూడు చుక్కల నూనె వేసి, అప్పుడు గానీ టీ తాగేవారు కాదు. ఆయన కుట్టులో రెండు పట్టింపులు ఉండేవి. ఒకటి, ప్యాంటు వెనక కుట్టులో ఎప్పుడూ గుడ్డ ఎక్కువ వదలడం. ‘మనిషి ఒక్కలా ఉండడమ్మా, రెండంగుళాలు లోపల దాచి కుట్టాలి’ అనేవారు. రెండోది బెల్టు. ఆయన కుట్టిన ప్యాంటుకు ఎవరైనా బెల్టు పెట్టుకుంటే ఆయన మొహం మాడిపోయేది. ‘నా కొలత మీద నమ్మకం లేక తాడు కట్టుకున్నాడు’ అని రెండు రోజులు గొణిగేవారు. అందుకని మా ఇంట్లో బెల్టన్నదే లేదు. ఈ రెండు పట్టింపులూ కలిసి మా అన్న ఉద్యోగానికి ఎసరు పెడతాయని అప్పుడెవరికి తెలుసు!

మా అన్న ఖాదర్. నేను భాయ్ అంటాను. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, ఆర్మీలో నాయక్. నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా, కొండల మీద చలిలో రెండేళ్ళు పనిచేసి, రెండు నెలల సెలవు మీద వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద దిగిన మనిషిని చూసి అమ్మీ పోల్చుకోలేకపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, పెదాలు పగిలి నల్లబడ్డాయి, మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టొచ్చు. ‘అక్కడ చలికి ఆకలే పుట్టదమ్మీ. బలవంతంగా నోట్లో కుక్కుకోవాలి’ అని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు అమ్మీకి నచ్చలేదు. ఇంటికి వచ్చేదాకా రిక్షాలో వాడి మణికట్టు పట్టుకునే కూర్చుంది, వదిలితే ఎక్కడ ఎగిరిపోతాడో అన్నట్టు.

మొదటి రోజే భాయ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. తిరిగి వెళ్ళిన వారంలోనే పరీక్ష ఉంది. యూనిఫారం, బూట్లు వేసుకుని, తుపాకీ పట్టుకుని ఐదు కిలోమీటర్లు చెప్పిన టైములో పరిగెత్తాలి. ఆ తర్వాత తాడెక్కాలి, తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి. కిందటిసారి జ్వరం నుంచి లేచి పరిగెత్తి, కొద్దిలో తప్పిపోయాడు. ఈసారి కూడా తప్పితే హవల్దారు ప్రమోషను కోర్సు లిస్టులోంచి పేరు తీసేస్తారు. నాయక్‌గానే ఉండిపోతే త్వరగా ఇంటికి పంపించేస్తారు. ‘అందుకని నేను లావెక్కకూడదు, పరుగు మానకూడదు. మీరందరూ సాయం చెయ్యాలి’ అన్నాడు. అమ్మీ శ్రద్ధగా విన్నది. విని, ‘బక్కచిక్కినోడివి ఎట్టా పరిగెత్తుతావురా? ముందు ఒంట్లో బలం రావాలి’ అని లేచి వంటింట్లోకి వెళ్ళి నెయ్యి డబ్బా దించింది.

ఇక చూడండి మా ఇంట్లో వాసనలు! పొద్దున ఖీమా, రొట్టెలు. మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా. సాయంత్రం పాలల్లో ఉడికిన సేమ్యా. ఇది చాలదన్నట్టు బంధువుల దావత్‌లు. మిలిటరీ నుంచి పిల్లాడు వస్తే పిలిచి భోజనం పెట్టకపోతే తలవంపులు కదా. తెనాలిలో మామయ్య వాళ్ళు, రేపల్లెలో అత్త వాళ్ళు, నగరం అనే ఊళ్ళో అమ్మీ పిన్ని వాళ్ళు, ఒకరు మటన్ బిరియానీ పెడితే ఇంకొకరు రెండు రకాలు. వద్దంటే అలకలు. పొద్దున్నే పరిగెత్తుతానని అలారం పెట్టుకునేవాడు పాపం. అది మోగేలోపు అమ్మీ వెళ్ళి దాని నోరు నొక్కేసేది. ‘రెండేళ్ళు నిద్ర లేదురా వాడికి. చూడు ఎట్టా ఉలిక్కిపడి లేస్తున్నాడో’ అనేది. అది మాత్రం నిజం. ఇస్త్రీపెట్టె మూత టప్పున పడితే చాలు, నిద్రలో ఉన్నవాడు లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అది చూసినవాళ్ళకు లేపబుద్ధి అయ్యేది కాదు. నాకూ కాలేదు.

భాయ్ తన ఒళ్ళు చూసుకునే పద్ధతి ఒకటుంది. యూనిఫారం ప్యాంటు ప్రతి శుక్రవారం, మసీదుకు వెళ్ళేముందు స్నానం చేసి, ఒకసారి వేసుకుని చూసేవాడు. హుక్కు తేలిగ్గా పడితే ఫరవాలేదు, పడకపోతే మర్నాటినుంచి తిండి సగం. ‘మా ఉస్తాద్ చెప్పాడు ముంతూ, బరువు మిషను పాడవ్వచ్చు గానీ ప్యాంటు అబద్ధం చెప్పదంట’ అనేవాడు నాతో. పరేడు గ్రౌండులో పరిగెత్తించే ఆ ఉస్తాద్ మహానుభావుడికి దర్జీ ఇంట్లో పుట్టిన సిపాయిల సంగతి తెలియదు. ఆ ప్యాంటు కుట్టింది కూడా అబ్బాజానే. ఆర్మీవాళ్ళు ఇచ్చిన గుడ్డ తెచ్చుకుని, ఇంట్లోనే కుట్టించుకునేవాడు భాయ్.

రెండో శుక్రవారం హుక్కు బిగిసింది. ఊపిరి లోపలికి పీల్చి పెట్టాడు. ఆ రోజు మసీదు నుంచి వచ్చి కూర్చుని, రెండు ముద్దలు తిని కంచం జరిపేశాడు. అమ్మీ కంచం తీసుకుని లోపలికి వెళ్ళి, గిన్నెల మధ్య చాలాసేపు నిలబడి ఉండిపోయింది. అబ్బాజాన్ తెర పక్కనుంచి అదంతా చూశారు. మర్నాడు మధ్యాహ్నం భాయ్ నిద్రపోతుంటే ఆ ప్యాంటు తెచ్చి నా ఒళ్ళో వేశారు. ‘వెనక కుట్టు విప్పమ్మా. అరంగుళం వదులు చేద్దాం.’

‘భాయ్‌కి చెప్పొద్దా?’ అన్నాను.

‘ఎందుకు చెప్పడం? నాలుగు రోజులుండే పిల్లాడు. కడుపునిండా తిని వెళ్ళనీ.’

నేను విప్పాను. నా మొహం, నాకేం తెలుసని! బ్లేడు ముక్కతో ఒక్కో కుట్టూ తెంపి, దారప్పోగులు నోటితో ఊది, ప్యాంటు ఆయన చేతికిచ్చాను. ఆయన మిషను మీద టకటకా కుట్టి, ఇస్త్రీ చేసి, ఎక్కడ తీశారో అక్కడే, అదే మడతతో పెట్టారు. తర్వాతి శుక్రవారం హుక్కు హాయిగా పడింది. భాయ్ అద్దంలో చూసుకుని, ‘చూశారా, తిన్నా లావెక్కట్లేదు. మన ఒళ్ళు అంతే’ అని అమ్మీ చేత ఇంకో రొట్టె వేయించుకున్నాడు. అబ్బాజాన్ మీసాల్లో నవ్వుకున్నారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తర్వాత వారం ఇంకో అరంగుళం. ఆ పై వారం ఇంకోటి. మూడోసారి విప్పుతున్నప్పుడు గమనించాను. గుడ్డ బయటివైపు ఎండలకు వెలిసిపోయింది, లోపల దాచిన గుడ్డ మాత్రం కొత్త రంగులో ఉంది. వదులు చేసిన కొద్దీ వెనక మధ్యలో ముదురు చార ఒకటి పైకి వస్తోంది. వేసుకున్నవాడికి కనపడదు, వెనక నిలబడినవాడికి కనపడుతుంది. ‘అబ్బాజాన్, చార తెలిసిపోతోంది’ అంటే, ‘నీ కంటికి తెలుస్తుంది, అందరికీ దర్జీ కళ్ళు ఉంటాయా?’ అన్నారు.

అయిదో వారంలో నేనూ భాయ్ తెనాలి మామయ్య ఇంటికి దావత్‌కు వెళ్ళి, తిరుగు రైలు కోసం స్టేషన్లో నిలబడ్డాం. ప్లాట్‌ఫారం మీద రంగురంగుల బల్బులు తిరిగే బరువు మిషను ఉండేది, బిళ్ళ వేస్తే బరువూ జాతకమూ అచ్చువేసిన అట్టముక్క పడేది. భాయ్ సరదాగా ఎక్కాడు. అట్టముక్క చూసి పకపకా నవ్వాడు. ‘డెబ్బై తొమ్మిదంట! ఈ మిషనుకు పిచ్చెక్కింది. డెబ్బై దాటితేనే మాకు చీవాట్లు’ అని దాన్ని నాకిచ్చి, ‘జాతకం బాగుంది, ఉంచుకో’ అన్నాడు. పిచ్చి ఎక్కింది మిషనుకు కాదని ఆ స్టేషన్లో నాకొక్కదానికే తెలుసు. రైల్లో వాడు నా పక్కన కూర్చుని పాటలు పాడుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ, ఇప్పుడు చెప్పనా, నిడుబ్రోలు దాటాక చెప్పనా అని లెక్కలు వేస్తూ, చివరికి బాపట్లలో దిగిపోయాను. చెప్పలేదు.

ఇంటికి వచ్చి ఆ అట్టముక్క అబ్బాజాన్‌కు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా చదివారు. దాన్ని బొత్తాల డబ్బాలో వేసి మూత బిగించారు. ఇక ఈ పని ఆగిపోతుందనుకున్నాను. గురువారం మధ్యాహ్నం మళ్ళీ ప్యాంటు నా ఒళ్ళో పడింది.

‘మళ్ళీనా? వద్దబ్బాజాన్! భయమేస్తోంది నాకు.’

‘ఇప్పుడు ఆపితే తెలిసిపోతుంది కదే’ అన్నారు. ఆయన గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. ‘ఈ ఒక్కసారీ. తర్వాత ఏదో ఒకటి చూద్దాం.’

ఆయనకూ భయమే. కొడుకు కొండల మీద ఉన్నన్నాళ్ళూ ఏమీ చెయ్యలేకపోయిన మనిషి. వాడికి చలేస్తే ఇక్కడినుంచి దుప్పటి కప్పలేడు, ఆకలేస్తే పెట్టలేడు. ఆయన చేతిలో ఉన్నదల్లా ఒక సూది, కాస్త గుడ్డ. ఇది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం, రెండంగుళాలూ అయిపోయాయి, ఇక దాచిన గుడ్డ లేదు, వచ్చే శుక్రవారం ఏం చేస్తాం అన్నదొక్కటే నా బుర్రలో తిరిగేది. కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్ ప్రశ్న అడిగితే ‘రెండంగుళాలండి’ అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

కొంప ముంచింది, లేదా నిలబెట్టింది, మా వీధి సుబేదారు వెంకటరత్నం గారు. ఆర్మీలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి, అరవై దాటినా వెన్ను వంగలేదు, మాట కూడా అంతే. ఒక సాయంత్రం కొట్టు ముందు ఆగి భాయ్‌ని పైనుంచి కిందికి చూశారు. ‘ఏమయ్యా ఖాదరూ, నువ్వొక్కడివే వచ్చావనుకున్నానే సెలవుకి. ఈ పొట్టెవరు?’

‘లేదండి, ప్యాంటు సరిగ్గానే పడుతుందండి’ అన్నాడు భాయ్.

‘అట్టాగా. అయితే ఆదివారం సూర్యలంక రోడ్డు మీదికి రా. ఆ ప్యాంటే వేసుకుని, బూట్లతో రా. అయిదు కిలోమీటర్లు కొలిచి పెడతా.’

ఆదివారం వేకువన అబ్బాజాన్ ఎదురింట్లో టీవీఎస్ మోపెడ్ అడిగి తెచ్చి, వెనక నన్ను ఎక్కించుకున్నారు, నా చేతిలో నీళ్ళ సీసా. ఆయన ఎందుకు వచ్చారో, నన్నెందుకు తీసుకొచ్చారో అడగలేదు. ఇద్దరం నేరం చేసినవాళ్ళం, విడివిడిగా ఉండలేకపోయాం. సుబేదారు గారు సముద్రం వైపు రోడ్డు పక్కన చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. భాయ్ నవ్వుతూ బయల్దేరాడు. రోడ్డు పొడుగునా సరుగుడు తోపుల్లోంచి ఉప్పుగాలి కొడుతోంది. మేము టీవీఎస్ మీద, సుబేదారు గారు సైకిలు మీద, మెల్లగా వెనకాలే వెళ్ళాం. మొదటి కిలోమీటరు బాగానే ఉంది. రెండో దానిలో బూట్ల చప్పుడు మారింది, ఈడ్చినట్టు. మూడో దానిలో పక్కకు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వాంతి చేసుకున్నాడు. మొహం బూడిద రంగు. నీళ్ళ సీసా మూత తిప్పాల్సింది ఎటువైపో కూడా మర్చిపోయాను.

సుబేదారు గారు సైకిలు దిగి వచ్చి వాడి వీపు రాస్తున్నారు. రాస్తున్న చెయ్యి నడుము దగ్గర ఆగిపోయింది. వంగి ఉన్నాడు కదా, చార పూర్తిగా కనపడుతోంది, వెలిసిన గుడ్డ మధ్యలో రెండంగుళాల ముదురు పట్టీ. ‘మస్తాన్ సాహెబూ, ఇదేంటండి?’ అన్నారు అబ్బాజాన్ వైపు తిరిగి. నేనే అన్నాను, ‘నేను విప్పానండి.’ అబ్బాజాన్ వెంటనే, ‘దాన్నేమనకండి. కుట్టింది నేను’ అన్నారు.

భాయ్ మూతి తుడుచుకుని, చెయ్యి వెనక్కి పెట్టి కుట్టు తడిమాడు. వాడూ దర్జీ కొడుకే కదా, వేళ్ళకు తెలిసిపోయింది. ‘ఎంత?’ అన్నాడు.

‘రెండంగుళాలు’ అన్నారు అబ్బాజాన్.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. రోడ్డు పక్క ఇసకలో కూర్చుని బూటు లేసులు వదులు చేసుకున్నాడు. ‘పరీక్ష పోతే పోయింది అబ్బాజాన్. అది కాదు. అక్కడ మేం పదిమంది ఒక వరసలో నడుస్తాం. నేను ఆయాసపడి ఆగితే నా కోసం తొమ్మిది మందీ ఆగుతారు. ఆగకూడని చోట ఆగుతారు. కిందటేడు ఒకడు అట్టాగే ఆగాడు.’ ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇస్త్రీపెట్టె మూత చప్పుడుకు గోడకు ఆనుకుని కూర్చునే మనిషి ఆ మాటతో నాకు అర్థమయ్యాడు. అబ్బాజాన్ వాడి పక్కన ఇసకలో కూర్చున్నారు. తెల్ల లాల్చీకి ఇసక అంటితే ఒక్క క్షణం ఓర్చని మనిషి. ‘తప్పైపోయింది నాన్నా’ అన్నారు. ఆయన ఎవరితోనైనా ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు.

సెలవు ఇంకా ఇరవై రోజులే ఉంది. ఇంటికి రాగానే అబ్బాజాన్ తనే కూర్చుని ఆ నాలుగో కుట్టు విప్పి, ప్యాంటును మొదటి కొలతకు తెచ్చి, కొట్టులో గోడమేకుకు తగిలించారు. అది ఆ ఇరవై రోజులూ మమ్మల్ని చూస్తూ వేలాడింది. అమ్మీకి సంగతంతా చెబితే నమ్మలేదు, నమ్మాక ఏడ్చింది, ఏడ్చాక నెయ్యి డబ్బా అటక మీదికి తోయించింది. జొన్నరొట్టెలు, ఉడకబెట్టిన కూరలు, మజ్జిగ. వాడికి చప్పిడి కూడు పెట్టి తను తినలేక, ఇంటిల్లిపాదికీ అదే వండింది. రేపల్లె అత్త దావత్‌కు రాలేమని చెప్పిస్తే, ‘మిలిటరీలో హవల్దారు కాకముందే గర్వం వచ్చిందా?’ అని కబురు పంపించి రెండేళ్ళు మాట్లాడలేదు. పొద్దున, సాయంత్రం సూర్యలంక రోడ్డు. సుబేదారు గారు గడియారం, అబ్బాజాన్ సైకిలు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మిషను తొక్కడం తప్ప ఇంకో శ్రమ ఎరగని మనిషి, కొడుకు పక్కనే సైకిలు తొక్కుతూ, ‘ఇంకొంచెం నాన్నా, ఆ సరుగుడు చెట్టు దాకా, ఇంకొంచెం’ అంటూ వెళ్ళేవారు. తిరిగి వచ్చాక ఆయన కాళ్ళకు అమ్మీ నూనె రాసేది. సూర్యలంక జాలరి ఒకాయన తాడెక్కడం కోసం పడవ మోకు ఇచ్చాడు, దాన్ని సుబేదారు గారి పెరట్లో చింతకొమ్మకు కట్టారు. భాయ్ అరచేతులు కాయలు కాసి చిట్లాయి. నేను రోజూ బొత్తాల డబ్బాలోంచి ఆ అట్టముక్క తీసి, దాని వెనక గీతలు గీసేదాన్ని, ఇన్ని రోజులు పోయాయి, ఇన్ని మిగిలాయి అని. జాతకం వైపు చూడటానికి ధైర్యం చాలేది కాదు.

ఆఖరి శుక్రవారం. స్నానం చేసి వచ్చి, మేకు మీది ప్యాంటు తీసి వేసుకున్నాడు. మేం ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. హుక్కు కొక్కేనికి వేలెడు దూరంలో ఆగిపోయింది. అబ్బాజాన్ చెయ్యి అలవాటుగా బ్లేడు వైపు కదిలి మధ్యలో ఆగింది. భాయ్ చూశాడు. ‘వద్దబ్బాజాన్. ఇట్టాగే పట్టుకెళతా’ అని విప్పి, మడిచి, సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు రైలెక్కాడు. అమ్మీ దారికి పెట్టిన రొట్టెల మూట తీసుకున్నాడు గానీ, ఆ మూట విజయవాడ ప్లాట్‌ఫారం మీద ఒక ముసలామెకు ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పదకొండు రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఫోను గోడ అవతల సుబేదారు గారింట్లో. ఆ ఇంట్లో గంట మోగితే ఇటు మిషను ఆగిపోయేది. అబ్బాజాన్ ఒకాయన చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టారు, నలభయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి. పరుగులో పడిపోయి ఉంటాడని నేను, పరీక్ష పోయి సిగ్గుతో ఫోను చెయ్యట్లేదని అమ్మీ, అసలు పరీక్షకు ముందే మళ్ళీ కొండల మీదికి పంపారేమోనని ఆయన. ఒక్కొక్కళ్ళం ఒక్కో రకంగా చచ్చాం. పన్నెండో రోజు పొద్దున గోడ అవతల్నుంచి కేక, ‘మస్తాన్ సాహెబూ, ఫోను!’ ఆయన మెళ్ళో టేపుతోనే చెప్పుల్లేకుండా పరిగెత్తారు. వెనకాల మేమిద్దరం. రిసీవరు పట్టుకుని ‘నాన్నా’ అన్నారంతే. అటునుంచి వాడి గొంతు గది అంతా వినపడింది.

‘హుక్కు పడింది అబ్బాజాన్!’

ఆయన రిసీవరు నా చేతిలో పెట్టి, సుబేదారు గారి గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. టైములోపే పరిగెత్తాడట, ఎంత ముందో చెప్పలేదు. చాలా తక్కువేనని గొంతులో తెలిసింది. ప్రాణం లేచి వచ్చింది మాకు.

భాయ్ హవల్దారు అయ్యాడు, పూర్తి సర్వీసు చేసి బాపట్లకే వచ్చాడు. ఆ ప్యాంటు తెచ్చి అబ్బాజాన్‌కే ఇచ్చాడు. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున సూర్యలంక రోడ్డు మీద ఆర్మీకి వెళ్ళాలనుకునే పిల్లలకు పరుగు నేర్పుతున్నాడు. వాళ్ళ చేతులకు అడుగులు లెక్కపెట్టే గడియారాలు, జేబుల్లో ఫోన్లు. బరువు చూసుకోవడానికి తెనాలి స్టేషను దాకా వెళ్ళక్కర్లేదు, ప్రతి ఇంట్లో మంచం కింద ఒక మిషనుంది. అందరివీ సాగే ఎలాస్టిక్ నడుములే. అబ్బాజాన్‌కు ఆ ఎలాస్టిక్ చూస్తే కంపరం. ‘మనిషి లావెక్కాడో చిక్కాడో దానికి పట్టదు, ఎవడు దూరినా సరే అంటుంది’ అనేవారు. రెడీమేడ్ ప్యాంట్లు తిరగేసి, కుట్టులో పావంగుళం గుడ్డ కూడా లేదని చూపించి నొచ్చుకునేవారు. నాకైతే ఆ రోజులే బాగున్నాయనిపించదు. ఆ పదకొండు రోజులు మళ్ళీ ఎవరైనా ఇస్తానంటే దణ్ణం పెట్టి వద్దంటాను.

కిందటేడు అబ్బాజాన్‌కు జబ్బు చేసింది. గుంటూరుకు తిప్పాం, మందులు మింగించాం, మనిషి మాత్రం వారం వారం తగ్గిపోతూ వచ్చారు. అయినా శుక్రవారం మసీదుకు ప్యాంటే వేసుకుని వెళ్ళాలి, బెల్టు పెట్టుకోకూడదు. ఒక శుక్రవారం స్నానం చేయించి ప్యాంటు తొడిగాను. చక్కగా సరిపోయింది. ‘చూశావా, నేనేం తగ్గలేదు’ అని అమ్మీ వైపు చూసి అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది, కిందటి వారం అదే ప్యాంటు జారిపోతుంటే చేత్తో పట్టుకుని నడిచారు. కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ బొటనవేలు వెనక్కి పోనిచ్చి కుట్టు తడిమారు. వేలు అక్కడే ఆగిపోయింది.

‘ముంతూ, ఇది నీ కుట్టు కాదే’ అన్నారు.

వాకిట్లో భాయ్ తల వంచుకుని నిలబడ్డాడు. మిలిటరీలో బొత్తాం ఊడితే కుట్టుకునే చేత్తో కుట్టింది, వంకరటింకరగా.

‘ఎంత?’ అన్నారు అబ్బాజాన్.

‘రెండంగుళాలు అబ్బాజాన్.’

ఆయన ఇంకోసారి ఆ కుట్టు పొడుగునా వేలు రాశారు. తర్వాత భాయ్‌ని దగ్గరికి రమ్మని, వాడి చెయ్యి పట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగారు. ‘లోపలి గుడ్డ కొయ్యలేదు కదా?’

‘లేదబ్బాజాన్.’

‘కొయ్యొద్దు. ఉండనీ. మళ్ళీ తింటాగా.’

ఆయన వెళ్ళిపోయి నాలుగు నెలలైంది. ఆయన ప్యాంటు నా దగ్గరే ఉంది. నేను కొయ్యలేదు.